కడీ రాయి

పోచయ్య సైకిల్ కారేజీకి చెరోవైపు బుట్టలు వేలాడదీసి, పాత ట్యూబు పట్టీలతో బిగించి కడుతున్నాడు. అశోక్ నగర్ సందులోకి ఇంకా వెలుతురు రాలేదు. ఎదుటి హాస్టల్లో పరీక్షలకు చదివే పిల్లల గదుల్లో మాత్రం లైట్లు ఆరకుండా వెలుగుతున్నాయి. ముడి బిగిస్తుండగా అతనికి ఎడమ భుజం కింద మళ్ళీ పట్టేసింది. పట్టీని పళ్ళతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ నొప్పి దానంతటది వదిలేదాకా ఆగాడు. తర్వాత ఏమీ జరగనట్టు రెండో ముడి వేశాడు.

గడపలో నిలబడి భార్య ఎల్లవ్వ అంతా చూసింది.

"మల్ల లేచిందా?"

"వాయువు. రాత్రి శెనగపప్పు ఏసినవ్ గద."

"శెనగపప్పు నేను గూడ తిన్న. నాకెందుకు లేవలే?"

పోచయ్య బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. ఎల్లవ్వ మెట్టు దిగి వచ్చి, కుడి బుట్టలోకి వంగి, గోనెలో చుట్టిన రాయిని రెండు చేతులతో పైకి తీసింది. పొట్టకు ఆనించుకుని మోసుకెళ్ళి గడప పక్కన పెట్టింది.

"ఇయ్యాల ఇది మొయ్యకు. పండ్లు గూడ సగమే తే. పదకొండింటికల్ల ఇంట్ల ఉండాలె. పన్నెండు దాటితే దవాఖాన్ల చీటి ఇయ్యరు. నేను హాస్టల్ మేడమ్‌కు చెప్పి వంటకు సెలవు పెట్టిన."

"రాయి లేకుంటే బండి వంగుతది."

"వంగితే నువ్వు గూడ జర వంగు."

పోచయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ పట్టేస్తుందేమోనని ఆపుకున్నాడు.

ఆ రాయి ద్రాక్షతోటలో పందిరికి స్తంభాల్లా నాటే కడీలది. అతను మొదటిసారి పండ్లు తెచ్చిన తోటను ప్లాట్లుగా కోసినప్పుడు రాతి కడీలన్నీ కూలగొట్టారు. విరిగిన ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. కొనేవాళ్ళు ఎప్పుడూ ఒక్క బుట్టలోంచే ఏరతారు. ఆ బుట్ట తేలికైతే సైకిల్ రెండోవైపు ఒరుగుతుంది. ఇటు గుత్తులు అటు సర్దుదామంటే కుదరదు. రెండోసారి చెయ్యి తగిలిందంటే పండు మీది తెల్లటి పొడి పోతుంది, పొడి పోయిన పండును నిన్నటి పండంటారు. అందుకని తేలికైన బుట్టలో రాయి పెట్టడం అతని అలవాటు. చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్ళలో అతన్ని పేరుతో ఎరగనివాళ్ళు కూడా 'రాయి బుట్టాయన' అంటే ఎరుగుదురు.

ముషీరాబాదు, సికింద్రాబాదు దాటి అల్వాల్ దాకా లారీల పొగలోనే తొక్కాడు. రోడ్డు వెడల్పు చేస్తూ తవ్విన మట్టి కళ్ళల్లో పడుతోంది. శామీర్‌పేట దగ్గర తారురోడ్డు వదిలి మట్టిబాటలోకి తిరిగాక హారన్లు వెనకబడ్డాయి. ఇక గొలుసు తిరిగే చప్పుడు, బుట్టలు కిర్రుమనడం, అంతే. ఒకవైపు గుండ్రాళ్ళు పేర్చినట్టున్న గుట్టలు. రెండోవైపు చెరువు, అవతలి ఒడ్డు మంచులో కనబడకుండా. ఈ బాట మీద అతను కాళ్ళతో తొక్కుతున్నట్టే ఉండదు. సైకిలే అతన్ని తీసుకుపోతుంది.

పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎల్లవ్వను ఇదే కారేజీ మీద కూర్చోబెట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. నీళ్ళను చూసి ఆమె కారేజీ దిగి ఒడ్డు దాకా నడిచింది.

"సముద్రం గిట్లనే ఉంటదా?" అని అడిగింది.

"గింతకంటె జర పెద్దగుంటదేమో."

ఇద్దరూ సముద్రం చూసినవాళ్ళు కారు. ఒకసారి తీసుకుపోతానని అప్పుడు అన్నాడు. కడుపున పుట్టిన ఇద్దరూ నిలవలేదు, ఇల్లు మూడుసార్లు మారారు, ఎల్లవ్వ హాస్టల్ వంటలో పడింది, అతను ఈ బాటలో పడ్డాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఈ బాట కూడా ఎన్నాళ్ళో లేదు. నారాయణగూడలో అతని దగ్గర పండ్లు కొనే కిషన్ రావు సారు చెప్పి, హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని ఇప్పించాడు. ఒకటో తారీకు నుంచి గేటు దగ్గర కుర్చీలో కూర్చోవాలి. ఎల్లవ్వ ఆ మాట విన్న రోజు పాయసం చేసింది. అతను రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు గానీ సంతోషం మాత్రం రాలేదు.

తోటలో సగం పందిరి అప్పటికే నేల మీద ఉంది. తీగలు తీసేసిన చోట కడీలు ఒంటరిగా నిలబడ్డాయి, వాటి మధ్య ప్లాట్ల హద్దులకు రంగు జెండాలు పాతారు. కావలి కృష్ణయ్య బీడీ ఆర్పి లేచాడు.

"రేపు ఇటుదిక్కు గూడ కోస్తరు పోచన్నా. కాయ ఉన్నకాడికి తీస్కపో. మిగిలింది మేకలకే."

"మల్ల ఏడ తేవాలె?"

"ఏడ తెస్తవ్. టోపీ పెట్టుకొని కుర్చీల కూసో."

పోచయ్య మిగిలిన పందిరి కిందికి వంగి వెళ్ళాడు. ఆకుల్లోంచి దిగే వెలుతురు పచ్చగా పడుతోంది. గుత్తుల మీద పొడి చెదరకుండా ఉంది. కాడ పట్టి కోసి, గడ్డి పరిచిన బుట్టల్లో ఒక్కొక్కటే పడుకోబెట్టాడు. సగానికి వచ్చాక ఆగి, కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. తల ఎత్తాడు. తలకు తగిలేంత దగ్గర్లో ఇంకా వేలాడుతున్నాయి. మేకలు ఎట్లా తింటాయో అతనికి తెలుసు. కాడతో సహా గుంజుతాయి, నమిలింది సగం, తొక్కింది సగం. అతను కత్తి మళ్ళీ తీశాడు.

బుట్టలు అంచుల పైకి నిండాక కృష్ణయ్య చూసి, "మీ ఇంటామె ఏమని పంపింది?" అన్నాడు.

"సగం తెమ్మన్నది."

"మరి?"

"ఇవి రెండు సగాలు."

కృష్ణయ్య నవ్వుతూ సైకిల్‌ను వెనక నుంచి బాట దాకా నెట్టాడు.

వచ్చేటప్పుడు గాలి ఎదురు కొట్టింది. అల్వాల్ ఎత్తు దగ్గర దిగి తోశాడు. అంతకుముందు అక్కడ ఎన్నడూ దిగలేదు. చొక్కా వీపుకు అతుక్కుంది, చెమట మాత్రం చల్లగా ఉంది. తిరుమలగిరిలో గోలీసోడా తాగాడు. గట్టిగా తేన్పు వచ్చింది. 'చూసినవా, వాయువే' అని మనసులోనే ఎల్లవ్వతో అన్నాడు. కాసేపు నిజంగానే తేలికపడింది.

నారాయణగూడలో కిషన్ రావు భార్య కమల గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. సైకిల్ ఆగీ ఆగకముందే ఎడమ బుట్టలో చెయ్యి పెట్టింది.

"పులుపున్నయా? ఒక్కటి తిని చూస్త."

ఒక్కటి నాలుగైంది. "ఏమో, నాలిక మీద ఇంక తెలుస్తలేదు" అని ఇంకోటి నోట్లో వేసుకుని, పక్కింటి ఆమెను కూడా పిలిచింది. ఇద్దరూ ఎడమ బుట్టలోంచే ఏరి కొంగుల్లో పోసుకున్నారు. సైకిల్ కుడివైపుకు ఒరిగింది. పోచయ్య అటు చేరి, కుడి బుట్ట కింద భుజం పెట్టి నిలబెట్టాడు.

"ఇయ్యాల రాయేది పోచయ్యా?"

"ఇంట్ల ఉన్నదమ్మా. దానికి సెలవు."

"నీ మొకమేంది అట్ల పాలిపోయింది? నీళ్ళియ్యాల్నా?"

"వద్దమ్మా. ఇంటికాడ ఎదురుచూస్తది."

"ఒకటో తారీకు మర్వకు. సారు నిన్న మల్ల ఫోన్ చేసి చెప్పిండు వాళ్ళకు."

అతను తల ఊపాడు. అక్కడి నుంచి సైకిల్ ఎక్కలేకపోయాడు. కుడివైపు లాగే బరువును తుంటితో ఆపుకుంటూ, నడిపిస్తూ, చిక్కడపల్లి బజారు దాటాడు. నీడ పాదాల కిందికి వచ్చేసింది. పదకొండు ఎప్పుడో దాటింది. తొందరగా పోతే ఇంకా చీటి దొరుకుతుందనుకున్నాడు. గ్రంథాలయం గోడ దాకా వచ్చాడు. ఇంకో రెండు సందులు తిరిగితే ఇల్లు.

గోడ నీడలో పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లోంచి రోజా ముందుకొచ్చింది. ఎల్లవ్వ వండే హాస్టల్లోనే ఉంటుంది, కరీంనగర్ దిక్కు పిల్ల. పెదనాన్న వరస కలిపి, వాళ్ళ ఊరి మాటలో అతన్ని పెద్దబాపు అంటుంది.

"పెద్దబాపూ, పెద్దమ్మ పొద్దట్నుంచి తిడుతున్నది నిన్ను. జల్ది పో."

"పోత బిడ్డా. జర ఈ బండి పట్టుకో, వదిలితే వంగుతది. ఒక్క నిమిషం కూసుంట."

రోజా పుస్తకం చంకలో పెట్టుకుని రెండు చేతులతో సైకిల్ పట్టుకుంది. పోచయ్య గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపాడు. రెండు సగాలని చెబితే ఎల్లవ్వ ముందు తిడుతుంది, తర్వాత నవ్వుతుంది. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కళ్ళు మూశాడు. హారన్లు దూరమయ్యాయి. గొలుసు తిరిగే చప్పుడు ఒక్కటే మిగిలింది.

"రోజా, నౌకరీ దొరికినట్టుంది గద. కిలో ఎంత?" అంది ఒక స్నేహితురాలు.

"మెల్లగనే. పండుకున్నడు పాపం."

స్నేహితురాళ్ళు ఎడమ బుట్టలోంచి తలో పండు తెంపుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. రోజా చేతులు లాగుతున్నాయి. కుడి బుట్ట మోకాలి మీదికి దిగుతోంది. లేపుదామనుకుంది. నిద్ర చెడగొట్టడమెందుకని ఇంకాసేపు ఓపిక పట్టింది. ఒక ఈగ వచ్చి పోచయ్య కింది పెదవి మీద వాలింది. అక్కడే నడిచి, నోట్లోకి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చింది.

"పెద్దబాపూ."

ఇంకోసారి పిలిచింది. అప్పుడు చేతులు వదిలేసింది. సైకిల్ పెద్ద చప్పుడుతో పడింది, పండ్లు రోడ్డంతా దొర్లాయి. అతను కదల్లేదు.

ఎల్లవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని గడపలో కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ సీసా, మడిచిన తువ్వాల. చీటి ఇచ్చే వేళ దాటిపోయింది. వస్తే అనాల్సిన మాటలన్నీ ఒక వరసలో పెట్టుకుంది. రోజా పరుగెత్తుకొచ్చి ఎదుట నిలబడింది. ఆ పిల్ల చేతుల నిండా ద్రాక్షరసం.

"ఏడున్నడే?" అంది ఎల్లవ్వ. "సగమే తెచ్చిండా?"

రోజా ఏడ్చింది. ఎల్లవ్వ చెప్పులు వేసుకోకుండానే లేచింది. తొందరలో కాలిబొటనవేలు రాయికి తగిలి గోరు లేచిపోయింది. తగిలిందని కూడా ఆమెకు తెలియలేదు. సందు మలుపు దాకా నెత్తురు చుక్కలు పడ్డాయి.

సాయంత్రం ఎవరో సైకిల్ తెచ్చి గోడకు ఆనించి పోయారు. బుట్టలు రాలేదు. ఇంటి నిండా మనుషులు. వచ్చేపోయేవాళ్ళు గడప దగ్గర కాలు ఎత్తి, ఆ గోనె మూటను దాటుకుంటూ తిరిగారు. పొద్దున ఆమె పెట్టిన చోటనే ఉంది కడీ రాయి, గోనె మీద ఏనాటిదో ఎండిన పండ్లరసం మరకకు చీమలు బారు కట్టి.