పూల పెట్టెలో రైఫిల్

హోసూరు దగ్గర, తళి పక్క ఊళ్ళో లింగప్ప ఇంటినుంచి బయటికి పోయే వస్తువు ఏదైనా సరే, ఆయన చేతులమీదుగా కట్టి పోవాల్సిందే. గులాబీ పెట్టె అయినా, బీన్సు మూట అయినా, చుట్టాలింటికి పంపే ఊరగాయ జాడీ అయినా అంతే. ఇంకొకరు కట్టింది ఆయన కంటికి ఆనదు. విప్పుతాడు, మళ్ళీ కడతాడు, కట్టినదాని చుట్టూ తిరుగుతాడు, పెరట్లోకి పోయినవాడు పోయినట్టే వెనక్కి వచ్చి తాడు లాగి చూస్తాడు. అదేం తత్వమో గానీ, ఆ మనిషికి కుదురనేది పుట్టినప్పటినుంచీ లేదు.

ఇక కూతురి పోటీ రోజున ఉంటుందా? రెండువేల మూడులో ఆ ఆదివారం కోడి కూయకముందే లేచి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. భువనకు కృష్ణగిరిలో షూటింగ్ పోటీ. రాష్ట్ర జూనియర్ జట్టుకు పిల్లల్ని అందులోంచే ఎంచుతారు. వచ్చే ఏటికి ఆ పిల్లకు జూనియర్ వయసు దాటిపోతుంది, కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. తొమ్మిది గంటల లోపల రైఫిల్, జాకెట్ తనిఖీకి అప్పజెప్పాలి. తళి నుంచి హోసూరుకు ఒక బస్సు, అక్కడినుంచి కృష్ణగిరికి ఇంకొకటి పట్టుకోవాలి.

రైఫిల్ కొనిచ్చింది లింగప్పే. ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. హోసూరు స్కూల్లో భువన మొదటిసారి తుపాకీ పట్టినప్పుడు, నేర్పే మాస్టర్ అచ్చెన్న ఆయన్ను పిలిపించి, "ఈ పాప చెయ్యి కదలదప్పా, రాయి మాదిరి నిలుస్తాది" అన్నాడు. లింగప్పకు ఒళ్ళు పులకరించింది. రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారేసరికి కొనాలని తేల్చేశాడు. అది గాలి తుపాకీ. అందులో వేసేది మిరియపు గింజంత సీసం పెల్లెట్టు. పది మీటర్ల దూరంలో కాగితం మీది చుక్కను కొట్టాలి, అంతే ఆట.

కొన్నాడు సరే, ఊళ్ళో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కొత్త రైఫిల్‌ను దాని నల్లటి పొడుగు కేసులో పెట్టుకుని బస్సు దిగిన రోజే పక్కింటి గోపాలప్ప ఎదురయ్యాడు. "ఏమప్పా అది, ఇంత పొడుగుండాది?" అన్నాడు. "మందు కొట్టే పైపు" అనేశాడు లింగప్ప. ఆ సాయంత్రమే నల్ల కేసు మంచం కిందికి పోయింది. అప్పటినుంచి రైఫిల్‌ను దుప్పట్లో చుట్టి, గులాబీలు పంపే పొడుగాటి అట్టపెట్టెలో అడుగున పెట్టి, పైన నాలుగు కట్టల పూలు పరిచి, టేపు వేసి హోసూరుకు మోసుకుపోతున్నాడు. మూడేళ్ళుగా ఇదే వరస. ఆ పూలన్నీ అచ్చెన్న మాస్టర్ ఇంట్లో దేవుడికి పోయేవి.

"నాయనా, ఈపొద్దు కేసులో పెట్టుకొని పోదాం" అంది భువన, ఆయన దుప్పటి పరుస్తుంటే. "అందరూ కేసుల్లోనే తెస్తారు. నేనొక్కతే పూల పెట్టెతో పోవల్లా?"

"పోలీసోళ్ళు రోడ్డుమీద కాసుకోనుండారు పాపా. తుపాకీ అంటే ఊరికే విడుస్తారా?"

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. గంధపుచెక్కల దొంగ కోసం అడవుల్లో గాలింపు జరుగుతున్న రోజులవి. కొండదారుల్లో ఎప్పుడు ఎక్కడ బస్సు ఆపుతారో తెలిసేది కాదు.

"నా తావ క్లబ్బు లెటరుండాది, కార్డుండాది. అడిగితే చూపిస్తాను. దీనికి లైసెన్సు గూడా అక్కర్లేదు నాయనా."

"నీకు తెలీదులేమ్మా. నేను చూసుకొంటాను కదా!"

"ఆ బిడ్డ చెప్పేది ఒకసారన్నా వినగూడదా నువ్వు?" అంది వంటింట్లోంచి కెంపమ్మ.

"నువ్వు కాఫీ పెట్టు మే!" అని కసిరాడు మొగుడు.

భువన పోటీ పొద్దున గొడవపడితే మనసు చెదురుతుందని నోరు మూసుకుంది. లింగప్ప రైఫిల్ పక్కన, కాల్చేటప్పుడు తొడుక్కునే బరకంలాంటి దళసరి జాకెట్ మడతపెట్టాడు, గురి చూసే సైటు ఉన్న చిన్న పెట్టె ఇరికించాడు, పెల్లెట్ల డబ్బా దూర్చాడు. పైన గులాబీలు పరిచి, చేతి అలవాటు కొద్దీ చెంబెడు నీళ్ళు చిలకరించాడు. పూలు కదా మరి, వాడిపోతే ఎట్లా!

బస్సులో పెట్టెను సీట్ల మధ్య నేలమీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. కూర్చోవడం ఏమిటిలే, లేవడం, వంగడం, పెట్టెను అంగుళం ఇటు జరపడం, అటు జరపడం. "నాయనా, కూర్చో" అని భువన రెండుసార్లు చెప్పి వదిలేసింది. దారి దిగువకు తిరిగిన చోట బస్సు ఆగింది. ఖాకీ బట్టలు ఎక్కాయి.

"ఈ పెట్టె ఎవరిదప్పా?" కానిస్టేబుల్ ఆంజప్ప ఈ ప్రాంతపు మనిషే, మాటలోనే తెలుస్తుంది.

"పూలు సార్, పూలు! గులాబీపూలు!" లోపల ఏముందని అడక్కుండానే మూడుసార్లు చెప్పాడు లింగప్ప.

ఆంజప్ప నవ్వుతూ ఒక పక్క పట్టి ఎత్తి చూశాడు. నవ్వు ఆగింది. "ఏమప్పా, పూలు ఇంత బరువుండాయి?"

టేపు కోశాడు. పూలు తీశాడు. దుప్పటి అంచు లాగాడు. నల్లటి ఇనుప గొట్టం బయటపడగానే వెనక సీట్లో ఎవరో కెవ్వుమన్నారు. ఇక చూడాలి ఆ బస్సులో గలాటా! పెట్టెనూ తండ్రీకూతుళ్ళనూ రోడ్డుమీద దించేసి బస్సు వెళ్ళిపోయింది.

ఎస్సై వచ్చేదాకా లింగప్ప కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. ఎండ ఎక్కుతోంది. హోసూరు బస్సు ఇంకొకటి ముందునుంచే పోయింది. భువన మాత్రం చేతిలో లెటరు, కార్డు పట్టుకుని నిలబడింది. ఎస్సై కుర్రవాడు, తమిళుడు. కాగితాలు నిదానంగా చదివాడు, క్లబ్బుకు ఫోను చేయించాడు, కృష్ణగిరిలో ఉన్న అచ్చెన్నతో మాట్లాడాడు. అంతా సరిగానే ఉందని తేలింది. అప్పుడు లింగప్ప వైపు తిరిగి తమిళంలో అడిగాడు.

"పెద్దాయనా, నిన్నగాక మొన్న ఇదే దారిలో ఇద్దరు పిల్లలు తుపాకీ కేసులు భుజాన వేసుకుని పోయారు. కార్డు చూపించారు, పంపించేశాం. నీ కూతురి దగ్గర అన్నీ ఉన్నాయి. మరి పూల కింద ఎందుకు దాచావు? దాచడం వల్లనే కదా ఆపాల్సి వచ్చింది?"

లింగప్ప నోరు తెరిచాడు. పోలీసులంటే భయమని చెబుదామనుకున్నాడు. పోలీసు ముందే నిలబడి ఆ మాట ఎట్లా అనేది? చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. ఉన్నమాట దానంతటదే బయటికి వచ్చేసింది.

"ఆడపిల్ల తుపాకీ పట్టుకొని తిరుగుతాదని నలుగురూ నవ్వుతారు సార్. దానికే."

భువన తల తిప్పి తండ్రిని చూసింది. ఎస్సై కాగితాలు తిరిగిచ్చి, "త్వరగా పంపించండి" అని ఆంజప్పకు చెప్పి జీపెక్కాడు.

త్వరగా అంటే అవుతుందా? తనిఖీలో పెట్టెను బోర్లించినప్పుడు పెల్లెట్ల డబ్బా మూత ఊడి, సీసం గింజలన్నీ పూలలో, ఆకుల్లో పడ్డాయి. ఆంజప్ప కూడా పాపం వంగి వెతికాడు. లింగప్ప మోకాళ్ళమీద కూర్చుని ఏరుతున్నాడు గానీ రెండు ఏరితే ఒకటి జారుతోంది. భువన గబగబా గులాబీ కట్టలోకి చెయ్యి దూర్చింది. "అబ్బా!" అని వెనక్కి లాక్కుంది. చూపుడు వేలి కొసన ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది, రక్తం చుక్కకట్టింది. ట్రిగ్గర్ నొక్కే వేలు అది.

"చూపించు పాపా, నేను తీస్తాను..."

"వద్దు" అంది భువన, వేలు నోట్లో పెట్టుకుని.

ఆంజప్ప టమోటాల టెంపో ఒకదాన్ని ఆపి ఇద్దరినీ ఎక్కించాడు. అదృష్టం కొద్దీ అది కృష్ణగిరికే పోతోంది. నీళ్ళకు నాని, కోసేసి ఉన్న అట్టపెట్టె ఎక్కించేలోపే రెండు ముక్కలైతే అక్కడే పారేశారు. రైఫిల్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది భువన. టెంపో మాత్రం తాపీగా పోతోంది. ప్రతి మలుపులో డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా లింగప్ప కాళ్ళు తనే తొక్కుతున్నట్టు నేలను తొక్కుతున్నాయి. "కొంచెం బిరిబిరీ పోప్పా" అన్నాడు. "టమోటాలప్పా, నలిగిపోతాయి" అన్నాడు డ్రైవరు. పూలు వాడతాయని పొద్దున నీళ్ళు చల్లిన లింగప్పకు ఆ జవాబు తగలరాని చోట తగిలింది.

శూలగిరి దాటాక భువన మాట్లాడింది.

"పోలీసులకు భయపడి అనుకొన్నాను నాయనా. మూడేండ్లూ అట్లే అనుకొన్నాను."

"అది కాదు పాపా..." అన్నాడు. అది కాకపోతే ఏమిటి మరి?

పోటీ జరిగే రేంజ్ చేరేసరికి లోపల కాల్పులు మొదలైపోయాయి. తనిఖీ చూసే మంజుశ్రీ మేడమ్ మంచిదే, తొమ్మిది దాటినా కాదనకుండా రైఫిల్ తిప్పి చూసి, జాకెట్ పట్టి చూసి, "ఇదేంటమ్మా తడిగా ఉంది?" అని మాత్రం అడిగి సంతకం పెట్టింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అదనపు సమయం ఉండదని, మిగిలిన సమయంలోనే అన్నీ కాల్చాలని చెప్పింది. గురి సరిచూసుకునే కాల్పులకూ వ్యవధి లేదు. భువన తలూపింది. లింగప్ప దుప్పటి, డబ్బా పట్టుకుని వెంట పోబోయాడు.

"నువ్వు ఈడే ఉండు నాయనా" అంది. ఆయన చేతిలోంచి డబ్బా తీసుకుని తనే లోపలికి పోయింది.

టప్, టప్ అని చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఏది తన కూతురిదో లింగప్పకు తెలియడం లేదు. గోడ పక్క నిలబడ్డాడు, చెట్టు కిందికి పోయాడు, గేటుదాకా నడిచాడు, మళ్ళీ గోడ దగ్గరికి వచ్చాడు. నీళ్ళు తాగబోయి చెంబు అక్కడే పెట్టేశాడు. దేవుడా, ఈ ఒక్కసారి గట్టెక్కించు, ఇంకెప్పుడూ దాని జోలికి పోను, దాని పెట్టె ముట్టను అని ఎంతమంది దేవుళ్ళకు మొక్కాడో ఆయనకే తెలియాలి.

మధ్యాహ్నం ఫలితాలు గోడకు అంటించారు. జట్టుకు ఎంచినవాళ్ళ పేర్ల కింద ఒక గీత గీశారు, భువన పేరు ఆ గీత కింద ఉంది. అచ్చెన్న మాస్టర్ మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"వేల్లో ముల్లు, ఒంటిమీద తడి జాకెట్టు, చేతిలో టైము లేదు. దీంట్లో ఈమాత్రం కొట్టిందే గొప్పప్పా. రెండు పాయింట్ల తేడాలో పోయింది."

"ఇంకొకసారి పెట్టరా మాస్టర్? నేను పోయి అడుగుతాను, కాళ్ళు పట్టుకొంటాను..."

"ఎవరి కాళ్ళు పట్టుకొంటే ఏముంది లింగప్పా? జూనియర్‌కు ఇదే ఆఖరు కదా."

భువన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. రైఫిల్‌ను మళ్ళీ దుప్పట్లో చుట్టి, ముడేసి, బస్టాండు వైపు నడిచింది. లింగప్ప వెనకే నడిచాడు. దారిలో "నేను పట్టుకొంటాను పాపా" అంటే ఇచ్చేసింది.

హోసూరు బస్సు కిటకిటలాడుతోంది. అతికష్టం మీద ఇద్దరికీ సీటు దొరికింది. బేరిగై వైపు పోయే జనం, గంపలు, సంచులు. బస్సు కుదుపుకు దుప్పటి జారి, రైఫిల్ గొట్టం మూరెడు బయటికి వచ్చింది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు అది చూసి ఆగాడు.

"ఏందప్పా అది?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ముందు సీట్లో గంప పెట్టుకున్న అవ్వ, నిలబడ్డ ఫ్యాక్టరీ కుర్రాళ్ళు, అందరూ. భువన తండ్రి వైపు చూసింది. మందు కొట్టే పైపు అన్న మాట లింగప్ప నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? దాన్ని మింగాడు. లేచి నిలబడ్డాడు.

"తుపాకీ!" అన్నాడు, బస్సంతా వినబడేలా. "నా కూతురిది. పోటీలో కాల్చేదానికి కృష్ణగిరికి వచ్చింది. నా కూతురు తుపాకీ కాలుస్తాది!"

చెప్పేసి, పళ్ళు బిగించుకుని, నవ్వుల కోసం కాచుకున్నాడు.

"లోపల గుండ్లేం లేవు కదా?" అన్నాడు కండక్టరు.

"లేవు."

"అయితే అడ్డంగా పెట్టొద్దు, నిలబెట్టి పట్టుకో. జరగండప్పా, ముందుకు జరగండి!"

"దాంతో ఏం కొడతావు పాపా?" అంది అవ్వ.

"కాగితం మీద చుక్క అవ్వా" అంది భువన.

"ఓహో" అంది అవ్వ. గంపలో అరటిపళ్ళు నలుగుతున్నాయని దాన్ని సర్దుకునే పనిలో పడింది. కుర్రాళ్ళు తమ ఓవర్‌టైము మాటల్లోకి వెళ్ళిపోయారు. అంతే. ఎవరూ నవ్వలేదు. ఎవరికీ పట్టలేదు కూడా.

లింగప్ప నిలబడే ఉన్నాడు. ఒక్కరైనా నవ్వితే బాగుండుననిపించింది. ఒక్కరు, కనీసం ఆ కుర్రాళ్ళలో ఒకడు నవ్వినా, ఇన్నాళ్ళు దాచినందుకు ఒక కారణమైనా దొరికేది. ఆయన కళ్ళు నిండిపోయాయి. రైఫిల్‌ను నిలబెట్టి రెండు చేతులతో పట్టుకుని సీట్లో కూలబడ్డాడు.

భువన కిటికీ వైపు తిరిగి ఉంది. తిరక్కుండానే అంది.

"పొద్దున బస్సులో ఈ మాట చెప్పింటే సరిపోయేది నాయనా."