రెండు వేళ్ళ వదులు

మంబెతాలి చేతిలో పడ్డ గుర్రం బాగుపడుతుంది, బండి చెడిపోతుంది. ఈ మాట నేను ఎప్పటినుంచో అంటూనే ఉన్నాను. మా ఆయన వింటే కదా! చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గుర్రమెక్కి బడికి వెళ్ళారట. అందుకని మా పాత రష్యా మోటార్‌సైకిలుకి కూడా మంబెతాలే వైద్యం చెయ్యాలి. సర్కారు పశువుల క్షేత్రంలో ఇరవై ఏళ్ళు గుర్రాలు చూసుకుని, అది మూతపడ్డాక ఆ కొట్టంలోనే గ్యారేజీ పెట్టాడు ఆ మహానుభావుడు.

ఆ రోజు పొద్దున్నే బండిని అక్కణ్ణుంచి తెచ్చాడు మా ఆయన. కొత్త చైను, వెనక చక్రానికి కొత్త బేరింగులు. పైన కొండ పచ్చికలో, మా అబ్బాయి ఉలాన్ గుడారం దగ్గర, మనవరాలు ఐపెరికి కాళ్ళ దారం కోసే వేడుక. తప్పటడుగులు మొదలెట్టిన పిల్ల కాళ్ళకి నలుపు తెలుపు ఉన్ని కలిపి పేనిన దారం కట్టి, ఒకరి చేత కోయిస్తాం. కోసినవాళ్ళ నడకే పిల్లకి వస్తుందంటారు. అందుకే పరుగు పందెం పెట్టి, గెలిచినవాడి చేతికి కత్తి ఇస్తారు. ఉలాన్ మాత్రం ఈసారి పందెం లేదు, నాన్నే కొయ్యాలని పట్టుబట్టాడు.

శీతాకాలంలో మంచు మీద జారి మా ఆయన తుంటి విరిగింది. అతుక్కుంది గానీ, కుడికాలు ఈడుస్తాడు. ఉలాన్ కబురు వచ్చిన రోజు నుంచి ఆయనకి ముద్ద దిగలేదు. ఎందుకో నాకు చెప్పలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసినదానికి వేరే చెప్పాలా?

దారాన్ని రుమాలులో చుట్టి రొమ్మున దోపుకుని, వేడుకకని నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోకుల మూట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. వంతెన దాటామో లేదో బండి మూలగడం మొదలెట్టింది.

"ఏవయ్యా, నీ బండి ఏడుస్తోంది."

"కొత్త చైను కదే. కొత్తకోడలు గొణగదా?"

"నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు గొణిగానా?"

"మొదలెట్టినదానివి ఇప్పటిదాకా ఆపితేగా!"

కొండ ఎక్కుడు మొదలవగానే మాటలాగిపోయాయి. ఎంత ఎక్సిలేటరు తిప్పినా బండి ముందుకు లాగడం లేదు. వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టే ఉంది. కాలిన వాసన వేసింది. వాగు పక్కన ఆపి, వెనక చక్రం మధ్యలో చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేశాడు మా ఆయన. స్టాండు వేసి తిప్పితే మాత్రం చక్రం శుభ్రంగా తిరిగింది.

"బాగానే ఉందే మరి," అన్నాడు. ఇద్దరం ఎక్కాం. నూరు గజాలు వెళ్ళేసరికి మళ్ళీ అదే మూలుగు.

అప్పుడు ఆయన దిగి, బండరాయి మీద కూర్చుని కొండ వైపు చూశాడు. "లారీ ఏదన్నా వస్తే నువ్వెక్కి దారం పట్టుకెళ్ళు. నేను బండి దగ్గరుంటా," అన్నాడు.

"మరి కొయ్యడం?"

"ఎవడో ఒకడు కోస్తాడు. రెండు కాళ్ళూ సరిగా ఉన్నవాడు."

నాకు ఒళ్ళు మండింది. వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆయన కంటపడకూడదని చైను చూసే వంకతో వంగాను.

"స్టాండు తీసి ఎక్కి కూర్చో."

"ఎందుకే?"

"కూర్చోవయ్యా బాబూ!"

కూర్చున్నాడు. చైను కింది భాగాన్ని వేలితో నొక్కితే ఇసుమంత కూడా కదల్లేదు. దిగమన్నాను. దిగగానే కాస్త ఆడింది. మనిషి బరువు పడితే బిగుసుకుంటోంది, లేస్తే వదులవుతోంది.

"ఇది ఎలా బిగించాడు మీవాడు?"

"వాణ్ణేం అనకు. శ్రద్ధగా చేశాడు పాపం. ఒకసారి బిగించి, పది అడుగులు తోసుకెళ్ళి, ఆగి, మళ్ళీ ఇంకో రెండు చుట్లు..."

అక్కడ ఆగిపోయాడు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. జీను కట్టడం వచ్చిన ఎవరికైనా తెలుసు. పట్టీ బిగిస్తున్నంతసేపూ గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. అందుకే పది అడుగులు నడిపించి, అది ఊపిరి వదిలాక మళ్ళీ బిగించాలి.

"బండి కూడా పొట్ట ఉబ్బించిందనుకున్నాడా?" అన్నాను.

మా ఆయన రాయి పట్టుకుని మరీ నవ్వాడు. నేను ఆ నవ్వు విని ఆర్నెల్లయింది. మంబెతాలిని అప్పటికప్పుడు క్షమించేశాను.

పానా తీసి ఇరుసు నట్టు వదులు చేసి, చైను వదులయ్యేలా చక్రాన్ని కాస్త ముందుకి జరిపాడు. చక్రం కూడా ఓ పక్కకి ఒరిగినట్టే ఉంది గానీ కంటితో తేలలేదు. నేను రుమాలు విప్పాను.

"ఒసేయ్, అది పిల్ల దారం!"

"బండి కూడా పిల్ల తాతదేగా. పట్టుకో ఆ కొస."

ఇరుసు నుంచి ముందు బోల్టు దాకా కుడివైపు కొలిచి గోటితో నొక్కిపెట్టాను. ఎడమవైపు గోరంత తక్కువొచ్చింది. రాయితో మెల్లగా తట్టి, రెండూ సమానం అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ కొలిచాం. తర్వాత నన్ను ఎక్కి కూర్చోమన్నాడు. "అసలు బరువు నీదేగా," అన్నాడు. నేనెక్కాక చైను కింద వేళ్ళు పెట్టి చూశాడు. "రెండు వేళ్ళ వదులుండాలి. లేకపోతే చక్రం తిరగలేదు," అని నట్టు బిగించాడు. బండి కొండ ఎక్కింది, కిక్కురుమనకుండా.

గుడారం దగ్గర అందరూ మాకోసమే చూస్తున్నారు. వియ్యపురాలు దారం అందుకుని మొహం చిట్లించింది. "ఇదేంటి వదినా, జిడ్డు?"

"నలుపు తెలుపు దారమే కదా వదినా. నలుపు కాస్త ఎక్కువైంది."

ఆవిడ దాన్ని పిల్ల కాళ్ళకి గట్టిగా ముడేసింది. ఐపెరి గుక్కపట్టి ఏడ్చింది. ఉలాన్ కత్తి చాపాడు. మా ఆయన అందరి వెనకా నిలబడి, "ఎవరన్నా కుర్రాణ్ణి పిలవరా..." అంటున్నాడు.

పిల్ల మళ్ళీ కెవ్వుమంది. ఇక ఆగలేకపోయాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, దాని ముందు చతికిలబడి, దారానికీ చీలమండకీ మధ్య వేలు దూర్చబోయాడు. దూరలేదు.

"ఇంత బిగిస్తే నా తల్లి ఎలా తిరుగుతుంది?" అంటూ ముడి విప్పి, రెండు వేళ్ళు పట్టేలా మళ్ళీ వేశాడు. పిల్ల ఏడుపు ఆపి, నూనె మరకల వేలిని గుప్పిట పట్టుకుంది. ఆయన రెండో చేత్తో కత్తి అందుకుని కోశాడు.

ఉలాన్ పిల్లని నాలుగడుగుల దూరం తీసుకెళ్ళి వదిలాడు. ఒక అడుగు, రెండు. మూడో అడుగుకి కుడిపక్కకి ఒరిగింది. మా ఆయన మొహం పాలిపోయింది. "చూశావా, కుంటుతోంది," అన్నాడు నాతో, వినీ వినబడకుండా.

"మొదటిరోజు కుంటనివాళ్ళెవరో చెప్పు. నోరు మూసుకుని చేతులు చాపు," అన్నాను.

చాపాడు. పిల్ల అలా ఒరుగుతూనే, కేరింతలు కొడుతూ వచ్చి ఆయన కుడికాలి మీద పడింది. ఆయన దాన్ని ఎత్తుకుని లేచాడు. శీతాకాలం నుంచి నలుగురిలో నడవడానికి సిగ్గుపడిన మనిషి, అంతమంది చూస్తుండగా కాలు ఈడుస్తూ, పిల్లని భుజాన వేసుకుని గుడారం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. నేను ఏడ్చాను. ఈసారి ఎవరి దగ్గరా దాచలేదు.