కుడివైపు నలుపు

ఎడమవైపు బూడిదరంగు, కుడివైపు నలుపు, ఒకే ఎండలో నిలబడిన ఒకే కారు రెండు రకాలుగా ఎట్లా ముసలిదవుతుంది, కాదు, కుడివైపు తలుపుల కింది ప్లాస్టిక్ పట్టీలూ చక్రాల పైన అంచులూ కొత్తవి, పాతవి పగిలిపోతే వేసినవి, అంటే ఆ పక్క గట్టిగా గుద్దుకుంది, ఇది కొన్నరోజే నాకు తెలిసి ఉండాలి, ఇరవై ఏళ్లుగా పాత కార్లు కొని అమ్మేవాడిని, కానీ మాలూరులో అమ్మినవాడు నాలుగు పక్కలా నూనె పట్టించి ఒకే రంగు చేసి నిలబెట్టాడు, నేను చేసే పనే, నేను చేసినట్టే చేశాడు, అందుకే నా కంటికి అది తప్పుగా కనబడలేదు, ఇంటికి తెచ్చిన మూడోరోజు వాన పడి నూనె కారిపోయింది, తెల్లారి చూస్తే ఒక పక్క ముసలి, ఒక పక్క పడుచు, కామసముద్రం రోడ్డుమీద తోలి చూశాను, అరవై దాటి గట్టిగా బ్రేకు వేస్తే మూతి కుడికి, ఎదురుగా వచ్చే బండ్ల వైపు తిరుగుతుంది, మెకానిక్ గుండప్ప కిందికి దూరి చూసి, చాసీ వంగి ఉండాది చౌడప్పా, ఇది ఎవరికీ ఇయ్యద్దు, తుక్కుకి ఏసెయ్ అన్నాడు, నువ్వు చూసింది చక్రాలు ఒక్కటే అనుకో అన్నాను, వాడు చేతులు తుడుచుకుని, నేనేమీ చూడలేదులేప్పా అని టీ కూడా తాగకుండా పోయాడు.

వేడిగాలి మిషను ఎడమ పట్టీకి జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా జరపాలి, ఒక్కచోట నిలిపితే బుడగ లేస్తుంది, జరిపితే ప్లాస్టిక్ లోపల మిగిలిన నూనె పైకి తేలి నలుపు తిరిగి వస్తుంది, బయటినుంచి పూసినట్టు కాదు, వానకి పోదు, దాని ఒంట్లోదే దానికి పూసినట్టు, అయితే ఒక్కోసారికీ లోపల కొంచెం తగ్గుతుంది, నాలుగోసారికి పట్టీ అప్పడం మాదిరి విరుగుతుంది, ఇది ఇప్పటికి రెండోసారి, ఇంకో రెండు ఉన్నాయి, ఆ లోపల చెల్లెలు గంగులమ్మ వాళ్లు దీన్ని ఎంత తోలతారు, రోజుకి పోయేది వచ్చేది మాలూరు, లారీల రోడ్డు, ఆ లెక్క ఇప్పుడెందుకు, వాళ్లకి కారు అవసరం, మారికుప్పం రైలులో పొద్దున వేలాడుకుంటూ పోతున్నారు, గంగులమ్మ పోయిన నెల చెప్పులు రైలులోనే పోగొట్టుకుని వట్టికాళ్లతో ఫ్యాక్టరీకి పోయింది, అవసరం ఉన్నవాళ్లకి ఇవ్వడం తప్పా, మా నాయన కోరమండల్ బంగారు గనిలో కంపెనీ డాక్టరు ముందర నిలబడేరోజు పొద్దున్నుంచి అల్లం బెల్లం నమిలి, దగ్గు వస్తే మింగేవాడు, లోపలి పనినుంచి తీసేస్తారని భయం, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు అని నవ్వేవాడు, గని మూసినాక ఇంట్లో పడుకుని దగ్గి దగ్గి, పరిహారం అడిగేదానికి పోతే, నీ ఊపిరితిత్తులు బాగున్నాయని ప్రతి ఏడాదీ రాసి ఉందయ్యా అన్నారు ఆఫీసులో, బాగున్న ఊపిరితిత్తులతోనే పోయాడు, అడగలేదు, చెప్పలేదు, ఇంతే కదా వ్యాపారం, ఎడమ పట్టీ నల్లబడింది, వెనక అంచు ఒక్కటి మిగిలింది, పదికి వస్తామన్నారు.

వచ్చారు, చెల్లెలి మొగుడు మూర్తి ఇస్త్రీ చొక్కా, చెల్లెలు చేతిలో నిమ్మకాయలూ పూలూ, కొనకముందే పూజ సామాను తెచ్చింది, మూర్తి చుట్టూ తిరిగి, ఏం బావా, ఇది షోరూం బండి మాదిరి ఉండాదే అన్నాడు, కిందికి వంగి చూడబోయాడు, వంగితే చాసీ కనబడుతుంది, కానీ గంగులమ్మ వాడి చొక్కా పట్టి లాగింది, నువ్వేం చూస్తావు లే, మా అన్న చూసినాక ఇంగ చూసేదేముండాది, నీ స్కూటర్‌లో పెట్రోలు అయిపోయిందని నీకు తెలిసేది నడిరోడ్లోనే కదా అంది, వాడు నవ్వి లేచి నిలబడ్డాడు, మరి ఈ నల్ల పట్టీలు తెల్లగా అయిపోతాయంటారే బావా, అదెట్లా అన్నాడు, దానికి మాత్రం నేను జవాబు చెప్పగలను, చెప్పాను, ఎండలో పెట్టద్దు మూర్తీ, ఎండే దీనికి శత్రువు, ఆషాఢం గాలికి సైనైడ్ గుట్టమీది దుమ్ము వచ్చి పడితే పొడిగుడ్డతో తుడవద్దు, మన ఊర్లో అందరూ చేసే తప్పు అదే, ఆ దుమ్ము పిండి మాదిరి కనబడుతుంది కానీ గనిలో పొడిచేసిన రాయి అది, గీతలు పడతాయి, ముందు బాగా నీళ్లు పోసి దుమ్ము జారిపోనిచ్చి తర్వాత మెత్తని గుడ్డ, డీజిల్ పూయద్దు, ఆ వారం మెరుస్తుంది, తర్వాత ఇంకా తెల్లబడుతుంది, ఎండ ఆపే మందు అని నీళ్లతో చేసింది దొరుకుతుంది, మూడు నెలలకొకసారి పట్టించు, గంగులమ్మ, నా మొగానికి పౌడరు ఏసుకునేదానికే టైం లేదు, దీనికి నేను స్నానం పోసి స్నో పూయాలా అంది, అంటూనే ఫోన్‌లో అన్నీ ఎక్కించుకుంది, చేస్తుంది, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, నేను చెప్పిన ప్రతి మాటా నిజం, ఒక్కటీ కల్తీ లేదు, వాటిని తప్పకుండా పాటిస్తే రెండు పక్కలూ ఎప్పటికీ ఒకే నలుపుగా ఉంటాయి, కుడివైపు సంగతి ఎవరికీ తెలియదు, వాళ్లకి కూడా, తెలిసేరోజు వరకు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, తాళం మూర్తి చేతికి ఇచ్చాను, బ్రేకు మెల్లగా వెయ్యి, అరవై దాటద్దు అన్నాను, ఎందుకు బావా అన్నాడు, అడిగాడు, ఈసారి అడిగాడు, కొత్త చేతికి ఏ బండైనా అంతే అన్నాను, ఆ మాట ఎంత సులభంగా వచ్చిందో, మూర్తి కారు ఎక్కి నాలుగడుగులు ముందుకి తోలాడు, నిమ్మకాయలు చిట్లాయి, గంగులమ్మ ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, మేం కారు సంగతి అనుకోనే లేదన్నా, రైలే మేలు, కూర్చునేకి దొరక్కపోయినా భయం లేదు అంటా ఉండె ఈయన, నువ్వు ఫోన్ చేసినాక, అన్న మన కోసం ఇంత ఆలోచన చేసినాడు, వద్దంటే బాగుండదని వచ్చేసినాము అంది, రైలే మేలన్నారా, అయితే ఆమె నన్ను కారు అడగలేదు, అడిగిందని ఇన్నిరోజులు నేనెట్లా అనుకున్నాను, ముందు కొనేదానికి వెంకటరామప్ప వచ్చి కిందికి దూరి చూసి చొక్కా దులుపుకుని పోయాడు, తర్వాత ఆంధ్రా నుంచి వచ్చినవాడు బ్రేకు వేసి చూసి తాళం బానెట్ మీద పెట్టి పోయాడు, ఆ సాయంత్రం నేను ఫోన్ చేతిలో పట్టుకుని ఒక్కొక్క పేరే దాటుకుంటూ వచ్చాను, వీడు మెకానిక్‌ని తెస్తాడు, వీడు తోలి చూస్తాడు, వీడు నన్ను నమ్మడు, వీడూ నమ్మడు, అట్లా దాటుకుంటూ దాటుకుంటూ ఆమె పేరు దగ్గర ఆగాను, ఆగి, రైలూ చెప్పులూ అన్నీ అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నాను, కారు గేటు దాటి ఎడమకి, మాలూరు దారికి తిరిగింది, ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది, నేనూ ఊపుతున్నాను, ఫోన్ నా జేబులోనే ఉంది, ఒక్క మాట చెబితే మూర్తి బండి ఆపుతాడు, ఆమె నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగదని నాకు తెలుసు, తెలిసే ఆమెను పిలిచాను.