సూది గుచ్చని రెబ్బలు

గోనెసంచి మూతి విప్పి వంచితే చాటలో వెల్లుల్లి పాయలు పడలేదు. బొగ్గులు పడ్డాయి.

సన్యాసమ్మ చాటలోకి చూసింది. సంచిలో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. మళ్ళీ బొగ్గులే. చేతికి మసి అంటింది తప్ప ఒక్క రెబ్బ కూడా తగల్లేదు.

మాఘమాసం చివర ఆ పాయల్ని తవ్వింది తనే. నీడన ఆరబెట్టి, లావుపాటివి విత్తనానికని ఏరి, ఆ సంచిలో పోసి, పొయ్యి మీద దూలానికున్న కొక్కేనికి తగిలించింది కూడా తనే. వానాకాలమంతా పొగ తగిలితే పురుగు పట్టదు, కుళ్ళదు. కాళీపూజ వెళ్ళిన మర్నాడు దించి డాబా మీద డబ్బాల్లో నాటాలి. ఆ మర్నాడు ఇవాళే. డబ్బాల్లో మట్టి గుల్ల చేసి, పేడ కలిపి, తడిపి సిద్ధంగా ఉంచింది.

"అత్తా! ఇత్తనం ఏదీ?"

మంచం మీద అమ్మన్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి. వేసవి నుంచి మంచం దిగడమే గగనం. దిగితే నల్ల గొడుగొకటి ఊతంగా పట్టుకుని గుమ్మందాకా. ఆ గొడుగు ఎప్పుడూ మంచం కోడుకి తగిలించే ఉంటుంది.

"ఎలకెత్తుకుపోయుంటది," అంది ముసలావిడ, ఇటు తిరక్కుండానే.

"ఎలక ఎత్తుకుపోయి బొగ్గులెట్టి, మూతి కట్టి, మళ్ళీ కొక్కేనికి తగిలించినాదేటి?"

అమ్మన్నమ్మ దుప్పటి భుజం మీదికి లాక్కుంది. వంట కోసం విడిగా ఉంచిన పాయలు శ్రావణంలోనే అయిపోయాయి. అంటే ఆ వెల్లుల్లి ఇక లేదు. ఈ ఇంట్లోనే కాదు, ఎక్కడా లేదు.

కలకత్తా రైలెక్కిన రోజు అమ్మన్నమ్మ పాలకొండ దగ్గర తన ఊరి నుంచి కొంగున ముడివేసుకు తెచ్చిన కొండ వెల్లుల్లి అది. చిన్న పాయ, ఊదారంగు పొర, కొరికితే నాలుక చురుక్కుమంటుంది. ఈ నేల దానికి ఒక పట్టాన నచ్చలేదు. మొదట్లో నాటిందల్లా రెబ్బలు విడకుండా గోళీకాయలా ఒంటిరెబ్బగానే ఉండిపోయేదట. అమ్మన్నమ్మ ఆ ఒంటిరెబ్బలనే దాచి, ఏడాది తర్వాత ఏడాది నాటి, చివరికి పాయ కట్టించింది. ఇప్పుడు ఆ ఊళ్ళోనూ బజారు విత్తనమే వేస్తున్నారని, పాతది అడిగితే నవ్వుతున్నారని పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

సన్యాసమ్మ దూలం వైపు చూసింది. ఆమెకైతే కొక్కెం అందాలంటే పీట ఎక్కాలి. పీట మీద బియ్యం డబ్బా ఉంది. దాన్ని ఎవరూ కదిపిన జాడ లేదు. అంటే దొంగకి పీట అక్కర్లేదు. దొంగ పొడుగువాడు.

ఈ మునిసిపల్ క్వార్టర్లలో దూలానికి చెయ్యందే మనిషి ఒక్కడే. పక్కింటి నరసింహం.

అతను కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటూ దొరికాడు. నీళ్ళకి నిలబడ్డ ఆడవాళ్ళందరూ వింటుండగా సన్యాసమ్మ చాటలోని బొగ్గుల్ని అతని కాళ్ళ దగ్గర గుమ్మరించింది.

"నా ఇత్తనం నాకిచ్చీ. ఇచ్చీసి, నీ బొగ్గులు నువ్వు తీసుకెల్లు."

నరసింహం నోట్లోంచి వేపపుల్ల తీశాడు. "ఏటొదినా, పొద్దున్నే బొగ్గులు పంచుతున్నావు? యూనియన్లో చేరినావేటి?"

"డాబా మీద నీ పావురాల గూడుకి నా డబ్బాలు అడ్డమని ఎన్ని మాట్లన్నావు? ఇత్తనం లేకపోతే డబ్బాలుండవని తీసినావు. దొంగ!"

"నా పావురాలు నీ ఎల్లుల్లి ముక్కుతో పొడిసినాయి, అది నిజిం. నాను మీ ఇంట్లో దూరి కొక్కెం ఇప్పినానా? మీ అత్త నా కాళ్ళిరగ్గొట్టదా?"

ఆడవాళ్ళు నవ్వారు. కానీ నరసింహం నవ్వలేదు. 'దొంగ' అన్న మాట కుళాయి దగ్గర అనేశాక ఇక వెనక్కి రాదు. సాయంత్రానికి నాలుగు వరసల ఇళ్ళకీ పాకుతుంది. అతని ముఖం ఎర్రబడింది. చెంబు నింపుకోకుండానే వెళ్ళిపోయాడు.

డ్యూటీకి వేళైపోయింది. మొగుడు గవరయ్య పోయాక అతని ఉద్యోగమే ఆమెకి వచ్చింది. ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులు ఆమెవి. పొడుగు చీపురుతో చేపల పొలుసులు, అరటి దూటలు, తడి కాగితాలు ఊడ్చుకుంటూ వెళుతుంటే ఎర్రజెండాలు కట్టిన స్తంభం దగ్గర వెల్లుల్లి బుట్టలవాడు పిలిచాడు.

"దీదీ, రోసున్! చీనా రోసున్, ఏక్ నంబర్!"

బుట్టలో పెద్ద పెద్ద తెల్లటి పాయలున్నాయి, సున్నం వేసినట్టు. పక్క బుట్టలో బీహారు నుంచి వచ్చినవి, మట్టితో. ఆ పక్కన నదియా జిల్లా సన్నపాయలు. సన్యాసమ్మ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంది. తెల్లదానిలో బరువుంది, వాసన లేదు. బీహారుదానికి వాసనుంది, కానీ పొర ఒకటే, వానాకాలం నిలవదు. నదియాది కాస్త దగ్గరకొచ్చింది. ఊదారంగు లేదు. ఆమె పాయని తిరిగి బుట్టలో పెట్టేసింది.

"ఏం కావాలి మరి నీకు?" అన్నాడు వాడు హిందీలో.

"నాది," అంది తెలుగులో, చీపురెత్తుకుంటూ.

ఊడుస్తున్నంతసేపూ పాత సంగతొకటి మళ్ళీ మళ్ళీ గుర్తుకొచ్చింది. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వరదకి ఈ సందుల్లో నడుంలోతు నీళ్ళు నిలిచాయి. డాబా ఎక్కి తలదాచుకున్న జనం కాళ్ళ కింద డబ్బాలన్నీ నలిగిపోయాయి. దూలానికున్న ఆ ఒక్క సంచీ మిగిలింది. ఆ నీళ్ళు తీసిన వారానికే సన్యాసమ్మకి కూతురు పుట్టింది. బాలింతకి వెల్లుల్లి కారం పెడితే పాలు పడతాయి. బజారు మూసేశారు, ఎక్కడా వెల్లుల్లి లేదు. కొక్కేనికి మాత్రం ఉంది. గవరయ్య సంచి దించబోయి చెయ్యి పైకెత్తాడు. అమ్మన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "అది ఇత్తనంరా, కూడు కాదు," అంది. పాలు చాలక బిడ్డ రాత్రంతా గుక్కపెట్టి ఏడిస్తే బార్లీ నీళ్ళు పట్టారు. బిడ్డ బతికింది. ఇప్పుడు మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేస్తూ దర్జాగా ఉంది. అయినా ఆ ఏడుపు సన్యాసమ్మ చెవుల్లోంచి పోలేదు. అంత కాపలా కాసిన సంచిని ఇవాళ ఎవడో బొగ్గులతో నింపి వెళ్ళాడు!

మధ్యాహ్నం డ్యూటీ దిగి మెట్లెక్కుతుండగా ఆగిపోయింది.

వాసన. నేతిలో వేగుతున్న వెల్లుల్లి. ఆ ఘాటు ముక్కుపుటాల్లోంచి నడినెత్తికెక్కుతుంది. ఆ వాసన ఏ చీనా పాయకీ రాదు. నరసింహం ఇంట్లోంచి వస్తోంది.

ఆ ఇంట్లో కోడలు పున్నమ్మ ప్రసవించి పది రోజులు దాటింది. ఇవాళ పురుడు. ఇల్లు కడిగారు, గుమ్మానికి పసుపు రాశారు. పావురాల తగువు వల్ల సన్యాసమ్మ ఇంతవరకూ గడప తొక్కలేదు. ఆ పిల్లాడి ఏడుపు మాత్రం గోడ ఇవతలికి మొదటి రోజుల్లో తెగ వినిపించేది. నాలుగు రోజులుగా వినపడటం లేదు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడు తట్టింది.

చీపురు గోడకి చేరేసి లోపలికి నడిచింది. పొయ్యి మీద చిన్న మూకుడు. దాని పక్కన ఊదారంగు పొరలు.

"దొరికినాడు దొంగ!" అని అరిచింది. "ఏడీ నీ మావ?"

పున్నమ్మ లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళు కూడా లేవు. "మావకేటీ తెల్దప్పా. ఒట్టు."

"మరి ఎవులు తెచ్చినారు?"

"సెప్పనేను. గుమ్మం కాడికి పిలిసి ఇచ్చి, ఒట్టేయించుకున్నారు." పున్నమ్మ కళ్ళనిండా నీళ్ళు. "నాకు పాలు పడనేదప్పా. గుంటడు ఏడిసి ఏడిసి నీరసపడిపోనాడు. అది తిన్నాకే..."

సన్యాసమ్మ చూపు ఉయ్యాల మీద పడింది. చీరె ఉయ్యాలకి తాడు కట్టినచోట నల్లదారం మీద వెల్లుల్లి రెబ్బలు వేలాడుతున్నాయి. పురిటింట ఉయ్యాలకి రెబ్బలు కట్టడం వాడుకే. చలిగాలి సోకదని, దిష్టి తగలదని. పురుడు వెళ్ళాక తీసి పారేస్తారు. కానీ అందరూ సూదికి దారం ఎక్కించి రెబ్బల్ని పూలలా గుచ్చుతారు. ఇవి గుచ్చినవి కావు. ఒక్కో రెబ్బ నడుముకీ దారం చుట్టి ముడివేశారు. పొర చిరగలేదు, మొన విరగలేదు. ఒకదాని కొనన ఆకుపచ్చ మొలక తొంగిచూస్తోంది.

సూది పోటు పడిన రెబ్బ కుళ్ళుతుంది. పోటు పడనిది మొలుస్తుంది. పిల్లవాడికి రక్ష కట్టిస్తూనే, అందులోనే విత్తనం దాచారెవరో. ఈ నాలుగు వరసల ఇళ్ళలో ఆ బుద్ధి పుట్టే మనిషి ఎవరు?

సన్యాసమ్మ ఉయ్యాల పక్కనే కింద కూర్చుంది.

"సూది గుచ్చొద్దన్నారా?" అంది నెమ్మదిగా.

పున్నమ్మ తల ఊపింది. "పురుడెల్లినాక మీకే ఇచ్చీమన్నారు. మీ సేతిలోనే ఎట్టమన్నారు."

దారం విప్పి, రెబ్బల్ని సన్యాసమ్మ దోసిట్లో పోసింది. అరచెయ్యి కూడా నిండలేదు. ఉయ్యాలలో పిల్లాడు కడుపునిండిన మత్తులో మూతి చప్పరిస్తున్నాడు. సన్యాసమ్మ వాడి పాదం ఒకసారి పట్టుకుని చూసి, లేచింది.

డాబా మీద ఎండ పావురాల గూటి దాకా జారిపోయింది. ఓడలకి వేసే రంగుల ఖాళీ డబ్బాల్లో మట్టి సిద్ధంగా ఉంది. మొన పైకి ఉండేలా, వేలి కణుపు లోతున, బెత్తెడు ఎడంతో ఒక్కో రెబ్బనీ నాటింది. ఎప్పుడూ నాలుగు డబ్బాలు నిండేవి. ఇప్పుడు ఒక్కటి నిండింది. ఫరవాలేదు. వచ్చే ఏడు తినకుండా అన్నీ మళ్ళీ నాటితే రెండు నిండుతాయి. ఆ పై ఏడు నాలుగూ.

వెనక అడుగుల చప్పుడు. నరసింహం. ఏమీ అనకుండా పావురాల్ని గూట్లోకి తోలి తలుపు వేశాడు. బాల్చీ తెచ్చి పక్కన పెట్టాడు.

"ఈ శీతాకాలం వీటిని గూట్లోనే ఉంచుతాను," అన్నాడు ఎటో చూస్తూ. "నీ ఇత్తనం కోసం కాదు. దొంగ పావురాలంటారని."

ఆమె ఒక చెంబు నీళ్ళు చిలకరించింది. "మాపటేలకి కుళాయి కాడికి రా. సెప్తాను," అంది.

మెట్లు దిగుతూ అత్తని అడగాల్సిన మాటని కూడబలుక్కుంది. గట్టిగా అడగాలనుకుంది. 'పక్కింటి గుంటడి ఏడుపు ఇనపడినాది గానీ, నా గుంట ఏడుపు ఇనపడనేదా అత్తా?' అనాలనుకుంది.

అమ్మన్నమ్మ పొద్దున్న ఉన్నట్టే గోడవైపు తిరిగి ఉంది. అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. అవతల నరసింహం ఇల్లు. రోజంతా ఒంటరిగా ఈ గోడ పక్కన పడుకునే మనిషికి ఆ ఏడుపు ఎంత దగ్గరగా వినిపించి ఉంటుందో!

"అత్తా," అంది.

గోడకి ఆనిన ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అడగాల్సిన మనిషి ఇక లేదు. కాసేపు ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది. గోడ అవతల పిల్లాడు లేచి ఒక్క కేక పెట్టాడు. వెంటనే చనుబాలు దొరికినట్టున్నాయి, ఊరుకున్నాడు.

మంచం కోడుకి గొడుగు వేలాడుతోంది. సన్యాసమ్మ దాన్ని తీసి వంపు పిడిని వెలుతురులోకి తిప్పింది. పిడి వంపు లోపల, కొక్కేనికి ఉండే నల్లటి పొగచూరు. పీట ఎక్కలేని మనిషి గొడుగుతో సంచి దించి, గొడుగుతోనే మళ్ళీ తగిలించింది.

జనం చేరేసరికి పొద్దుగుంకింది. కుళాయి దగ్గర పొద్దున్న నిలబడ్డవాళ్ళందరూ వచ్చారు. నరసింహం పాడె కట్టడానికి వెదుళ్ళు తెచ్చి గుమ్మం బయట దించి, లోపలికి రాకుండా అక్కడే ఆగాడు. దొంగ అనిపించుకున్న ఇంట్లోకి ఎలా అడుగుపెట్టాలో అతనికి తెలియలేదు. అతని వెనక పున్నమ్మ, భుజాన పిల్లాడు.

సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. పొద్దున్నటి గొంతుతోనే, వరసలన్నిటికీ వినపడేలా చెప్పింది.

"అందరూ ఇనండి. నర్సిమ్మం దొంగ కాదు. నాను తప్పన్నాను. ఇత్తనం ఎత్తినోలు దొరికినారు. మా అత్త. మా అత్త అమ్మన్నమ్మే ఎత్తినాది. ఆ గుంటడి కోసం ఎత్తినాది. లోపలికి రా మరిదీ, భుజం పట్టు."

నరసింహం వంగి గడప దాటాడు. మంచం పక్కన అతనికి అడ్డంగా ఉన్న గొడుగుని ఎవరో తీసి కొక్కేనికి తగిలించారు. పిడి వంపులో ఇరుక్కున్న ఊదారంగు వెల్లుల్లి పొర ఒకటి, లోపలికి వస్తున్న గాలికి సన్నగా కదులుతోంది.