పాపిట తీసిన నాచు

ఎవాల్దో పళ్లు తోముకుంటూ కూడా పాడతాడని పెళ్లయ్యాకే తెలిసింది. బ్రష్షు నోట్లో ఉండగానే మాటల్లేని పాట, నురగతో సహా. తలుపు వెనక నిలబడి వినడమంటే నాకు ఎంత ఇష్టమో అతనికి ఇంకా చెప్పలేదు. చెబితే సిగ్గుపడి మానేస్తాడు.

సాల్వడోర్‌లో, రియో వెర్మేల్యో రేవుకి ఎదురుగా ఉన్న ఈ మేడ మా అత్తగారు దోనా జుల్మీరాది. పెళ్లికి కొద్ది నెలల ముందు ఆవిడ పోయారు. హాలులో గోడ పొడవునా ఆవిడ పెంచిన ఉప్పునీటి అక్వేరియం ఉంది. రాళ్ల మధ్యలో, పుట్టగొడుగు ఆకారంలో, భోజనం పళ్లెమంత వెడల్పున్న తోలు పగడం. ఎవాల్దో బడికి వెళ్లే రోజుల్లో వేలెడు ముక్కగా తెచ్చి నాటారట. తెరుచుకున్నప్పుడు దాని ఒంటి నిండా సన్నటి వేళ్లు లేచి నీళ్లలో ఊగుతాయి. ఆస్పత్రిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని మాట్లాడింది పెళ్లి గురించి కాదు.

"దాన్ని చావనివ్వకు పిల్లా. వాడికి ఇక నువ్వూ, అదీ, మీ ఇద్దరే."

అలాగేనని మాటిచ్చాను. తీరా మేం పెళ్లి ప్రయాణం ముగించుకుని, సూట్‌కేసుల్లో ఇసుకతో, ఒంటి మీద ఎండ మంటలతో నవ్వుకుంటూ ఇంట్లో అడుగుపెట్టేసరికి పగడం ముడుచుకుని పిడికిలిలా ఉంది. దాని మొదట్లోకి ఆకుపచ్చ నాచు పాకుతోంది. సన్నగా, పొడుగ్గా, పోగులు పోగులుగా. అక్వేరియాలు పెంచేవాళ్లు దాన్ని జుట్టు నాచు అనే అంటారు. అది పైకెక్కి కప్పేస్తే పగడం బతకదు.

ఆ రోజు నుంచి నేను చెయ్యనిది లేదు. చేపలకి మేత సగం చేశాను. దీపం వెలిగే సమయం తగ్గించాను. కుళాయి నీళ్లు కాకుండా ఆర్.ఓ. నీళ్లలోనే ఉప్పు కలిపి వారం వారం నీళ్లు మార్చాను. నాచు తినే నత్తల్ని తెచ్చి వదిలితే అవి అద్దానికే అతుక్కుని ఆ రాళ్ల వైపు వెళ్లనే లేదు. పాత బ్రష్షుతో రాళ్లు తోమాను. పొద్దున తోమితే మర్నాటికి మళ్లీ అంతే పొడవు.

పైగా అది పడుకునే తీరు బాగాలేదు.

"ఎవాల్దో, ఇలా రా. పంపు నీళ్లని ఎటు తోస్తోంది?"

"కుడికి."

"నాచు ఎటు పడుకుంది?"

అతను బ్రష్షు నోట్లోంచి తీసి వంగి చూశాడు. పాట ఆగిపోయింది. నాచు నట్టనడుమ చీలి, సగం కుడికి, సగం ఎడమకి, ఒక్క పోగూ చెదరకుండా నున్నగా పడుకుని ఉంది.

"నీళ్లు అద్దానికి కొట్టి వెనక్కి తిరుగుతాయి కదా, అందుకే. కెమిస్ట్రీ చదివినదానివి నువ్వే బెదిరితే ఎలా?"

"కెమిస్ట్రీ చదివాను కాబట్టే అడుగుతున్నా. తిరిగొచ్చే నీళ్లు పాపిట తియ్యవు."

అతను నవ్వలేదు. పాపిట దగ్గర కొన్ని పోగులు తెల్లబడి ఉండటం అతనూ చూశాడు.

ఆ ఆదివారం దాల్వా చిన్నత్త వచ్చింది. అత్తగారి చెల్లెలు. మేం ఊళ్లో లేనప్పుడు చేపలకి మేత వేసింది ఆవిడే. తెచ్చిన కొబ్బరి మిఠాయి బల్ల మీద పెట్టి, అక్వేరియం వైపు తిరిగి, అక్కడే కుర్చీలో కూలబడింది.

"మా అక్క తల ఇది" అంది.

"నాచు పిన్నీ" అన్నాడు ఎవాల్దో.

"నాకు చెప్పకు. చిన్నప్పుడు ఆ పాపిట తీసింది నేను."

నేనే అడిగాను. "చిన్నత్తా, మేం లేనప్పుడు ఇందులో ఏమైనా వేశారా?"

ఆవిడ మిఠాయి వైపు చూసింది. "ఫిబ్రవరి రెండున సముద్రం తల్లి ఇయేమంజాకి ఏదో ఒకటి ఇవ్వాలి కదమ్మా. కింద ఇసుక కనబడనంత జనం. నా మోకాళ్లు మెట్లు దిగనివ్వలేదు. ఈ నీళ్లు మా అక్క ఆ రేవు నుంచే మోయించింది, సముద్రం ఎక్కడున్నా సముద్రమే కదా అనుకున్నా. లావెండర్ అత్తరు ఒక మూతెడు పోశా, ఒక దువ్వెన వేశా. అక్క పేరు చెప్పి."

"అత్తరు పోశావా? పగడాలున్న నీళ్లలో?" ఎవాల్దో గొంతు పెరిగింది. "ఒట్టి పిచ్చిదానివి పిన్నీ నువ్వు."

"ఒక్కసారేరా. మూతెడే."

"దువ్వెన ఎక్కడుంది?" అన్నాను.

"అందులోనే."

అందులో లేదు. రాయి రాయీ ఎత్తి తోమినదాన్ని, నాకు తెలుసు. ఎవాల్దో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇసుకంతా కెలికాడు. చెయ్యి బయటికి తీస్తే లావెండర్ వాసన వచ్చింది.

"ఇచ్చింది నచ్చకపోతే ఆ తల్లి ఒడ్డుకి తోసేస్తుంది" అంది చిన్నత్త మెల్లగా. "నచ్చితే ఉంచుకుంటుంది. నేను అక్క పేరు చెప్పాను. ఎవరు ఉంచుకున్నారో మరి."

ఎవాల్దో తువ్వాలుతో చెయ్యి గట్టిగా తుడుచుకున్నాడు. "రేపే పెద్ద స్కిమ్మర్ కొంటాను. నీళ్లలోని మురికినంతా నురగ కట్టించి బయటికి తోడేస్తుంది. పాత రాళ్లు కూడా తీసి పారేద్దాం. అన్నీ కొత్తవి."

"అంటే గెంటేస్తావన్నమాట" అంది చిన్నత్త.

"నాచుని పిన్నీ, నాచుని."

నాకు ఇద్దరి మీదా జాలి వేసింది. రాళ్ల సంగతి నాకు అర్థమైంది. ఏళ్ల తరబడి ఆవిడ వేసిన మేతలోని ఫాస్ఫేటుని రాళ్లు పీల్చి దాచుకున్నాయి, ఇప్పుడు కొద్దికొద్దిగా వదులుతున్నాయి. పరీక్ష చేస్తే నీళ్లలో ఏమీ కనబడదు, వదిలినదాన్ని వదిలినట్టే నాచు తినేస్తుంది. ఆ రాళ్లు తీస్తే పగడమూ పోతుంది, దాని పాదం వాటికే అతుక్కుని ఉంది.

"స్కిమ్మర్ వద్దు" అన్నాను. "అక్వేరియం కింది బీరువాలో చిన్న తొట్టి ఉంది కదా, పై నీళ్లు దిగి మళ్లీ పైకెక్కేది. అందులో ఉండలా పెరిగే నాచు వేసి, పైన దీపం ఆరినప్పుడు కింద దీపం పెడదాం. రాళ్లు వదిలే తిండంతా అది అక్కడ తింటుంది, పైన మిగలదు. పెరగాలనుకునేదానికి పెరిగే చోటు ఇద్దాం."

చిన్నత్త నా బుగ్గ గిల్లింది. "కోడలంటే ఇలా ఉండాలి. ఇల్లు ఖాళీ చెయ్యమనకుండా గది ఇచ్చింది."

"గది కాదు, బీరువా" అన్నాడు ఎవాల్దో. అప్పుడు నవ్వాడు.

కొత్త నాచుని గుప్పెడు తెచ్చి వేశాం. గిన్నెలు తోమే పీచులా ఉంటుంది, ఎంత విడదీసినా చిక్కు వీడదు. వేసవి ముగిసేలోగా పైన రాళ్లు శుభ్రపడ్డాయి. నేను ఎవాల్దోని పట్టుకుని హాలంతా గిరగిరా తిప్పాను. ఆ తర్వాత బీరువా తలుపు తీశాను. చిక్కు లేదు. చిన్న తొట్టి నిండా పొడుగాటి పోగులు, నడుమ పాపిట, అటూ ఇటూ నున్నగా దువ్వినట్టు.

పగడం మాత్రం తెరుచుకోలేదు. తొట్టి కిక్కిరిసి కింద నాచు పెరగడం ఆగింది. పైన, పగడం మొదట్లో, మళ్లీ ఆకుపచ్చ నూగు. కింద పెరిగినదాన్ని కోసి బయటికి తియ్యాలి, అప్పుడే అది తిన్నది ఈ నీళ్లని వదిలి పోతుంది. ఎవాల్దో కత్తెర పట్టుకుని కూర్చుని, లేచిపోయాడు.

"నా వల్ల కాదు. మందులకి అమ్మ జుట్టు రాలిపోతుంటే ఏరింది నేనే."

కత్తెర నేను తీసుకున్నాను. మధ్యాహ్నపు ఎండ హాలులో పడుతోంది, వీధిలో ఎవరో ఐసుఫ్రూటు అమ్ముకుంటూ అరుస్తున్నారు. చెయ్యి పెట్టడానికి వీలుగా పంపు ఆపాను. నీళ్లు నిలిచాయి, పోగులు నిలవలేదు. నా వేళ్ల వైపు వచ్చి, వేళ్ల సందుల్లోకి దూరి, మెత్తగా చుట్టుకున్నాయి. వెచ్చగా ఉన్నాయి. లావెండర్ వాసనకి నా కళ్లు మండాయి.

"అత్తగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పగడం కోసమే. చివర్లు మాత్రమే. కదలకండి, వంకరపోతుంది."

పోగులు ఆగాయి.

కత్తిరించినదాన్ని చిన్నత్త తెల్లగుడ్డలో మూట కట్టి, సముద్రంలో కలుపుతానని లేచింది. అక్వేరియంలో పెరిగినది సముద్రంలో వదలకూడదని, అక్కడ పాతుకుంటే ఆపలేమని బతిమాలాను. చివరికి ముగ్గురం బాల్కనీ కుండీలో, మట్టిలో పాతాం.

మర్నాడు నేను పొయ్యి దగ్గర ఉండగా ఎవాల్దో పిలిచాడు, గట్టిగా కాదు. వెళ్లి చూస్తే అద్దానికి నుదురు ఆనించి ఉన్నాడు. పగడం విచ్చుకుంది. ఒంటి నిండా వేళ్లు, తేనెరంగువి, ఒక్కటీ తక్కువ కాకుండా. అతను ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా. నేను వెనక నుంచి అతని వీపుకి చెంప ఆనించి నిలబడ్డాను. టపియోకా అట్టు మాడిపోయింది, మాడినదే ఇద్దరం సగం సగం తిన్నాం.

ఆదివారాలు నేనే కత్తిరిస్తున్నాను. కొంచెం ఎక్కువ తీస్తే మర్నాడు పగడం సగమే తెరుచుకుంటుంది. ఆవిడకి ఎంత పొడవు ఇష్టమో ఇప్పుడు నా చేతికి తెలుసు.