రెండోసారి అడగలేదు

మా కాలేజీ ఎంత చిన్నదంటే, ప్రిన్సిపాల్ గారు తన గదిలో తుమ్మితే మా తరగతిలోకి వినిపిస్తుంది. శ్రీకాకుళంలో బస్సు దిగి సందులోకి తిరిగితే రెండంతస్తుల పాత మేడ. పైన కామర్సు వాళ్లు, కంప్యూటర్లు. కింద మూలగదిలో మేము, బీఏ హిస్టరీ మొదటి ఏడాది పిల్లలం, ఏడుగురం.

నేను చదివింది కళింగపట్నం దగ్గర మా పల్లె బళ్లో. కాలేజీలో చేరిన కొత్తలో హాజరు పలకడానికి కూడా నా గొంతు లేచేది కాదు. పక్కన కూర్చునే లీలారాణి "ఉన్నాదండీ, ఇక్కడే ఉన్నాది" అని నా బదులు పలికేది. దానిది కోటబొమ్మాళి. వాళ్ల నాన్న చర్చిలో పాటలు పాడిస్తాడు. ఆ గొంతే వచ్చింది దానికి.

హిస్టరీ చెప్పే పద్మజ మేడం ఒకరోజు గోడకు మ్యాపు తగిలించి, ఒకప్పుడు మా కళింగపట్నం రేవు నుంచి ఓడలు ఎక్కడెక్కడికి వెళ్లేవో చూపించారు. మా నాన్న వల వేసే నీళ్లే అవి. "మీ ఊళ్లో ముసలివాళ్లు ఆ రేవు గురించి ఏం చెబుతారు, గౌరీ?" అని అడిగారు. చెప్పాను. గంట కొట్టేదాకా చెబుతూనే ఉన్నాను. ఒక గదిలో ఉన్న మనుషులందరూ నా మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆ మూలగది కోసమే బస్సెక్కేదాన్ని.

డిసెంబరులో తెలిసింది, హిస్టరీ గ్రూపు ఎత్తేస్తారట. ఏడుగురి కోసం నడపలేరట. మమ్మల్ని కామర్సు కంప్యూటర్స్‌లో కలిపేస్తారట.

"పిల్లలు ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి తీసెయ్యలేరు," అన్నారు పద్మజ మేడం. "సోమవారం ప్రిన్సిపాల్ గారు మీ దగ్గరికే వచ్చి అడుగుతారు. అప్పుడు నోరు విప్పండి."

"గౌరే మాటాడాల," అంది లీలారాణి. "నాను మాటాడితే ఆయన ఇనడు. ఆలస్యంగా వచ్చావేమని తిట్టినప్పుడు, బస్సు నడిపేది నాను కాదు సార్ అన్నాను కదా, అప్పట్నుంచీ నన్ను సూస్తే సాలు, మొకం మాడ్సుకుంటాడు. నువ్వు మొదలెట్టు, ఎనకాల మేవందరం లెగుస్తాం."

డైరీలో రెండు వాక్యాలు రాసుకుని బట్టీ పట్టాను. సార్, మేం హిస్టరీ చదవడానికే చేరాం. మమ్మల్ని మార్చకండి. బస్సులో, కుళాయి దగ్గర, పెదాలు కదపకుండా అవే చెప్పుకున్నాను.

సోమవారం ప్రిన్సిపాల్ నరసింగరావు గారు వచ్చారు. కంప్యూటర్లు నేర్చుకుంటే ఎలాంటి ఉద్యోగాలు వస్తాయో చెప్పి, "దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు.

నేను తల దించుకున్నాను.

భయపడి కాదు. మా పల్లెలో ఊరి కూటంలో పెద్ద లేచి "ఎవులికైనా మాటున్నాదా?" అంటే మొదటిసారికి ఎవరూ పలకరు. అడగ్గానే లేచేవాణ్ణి పొగరుబోతంటారు. అందరూ తలలు దించుకుంటారు. పెద్ద కాసేపు చుట్ట పీల్చి మళ్లీ అడుగుతాడు. అసలు మాటలన్నీ అప్పుడే. చేపలు ఎండబెట్టుకునే చోటు మా నుంచి లాక్కోబోయినప్పుడు మా అమ్మ రెండోసారి అడిగాకే లేచింది. చోటు నిలబెట్టుకుంది. పెద్దవాళ్లు అడిగే తీరు అంతే అనుకుంటూ పెరిగాను. అందుకే ఆ రెండు వాక్యాలూ నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను. మా తీరం నుంచి వచ్చే ఇంకో ఇద్దరు పిల్లలూ నాలాగే తలలు దించారు. మిగతావాళ్లు నేనెప్పుడు లేస్తానా అని చూస్తున్నారు.

"మంచిది. అందరికీ ఇష్టమే అన్నమాట," అని ఆయన వెళ్లిపోయారు.

లీలారాణి "సార్, సార్!" అంటూ వరండాలోకి పరిగెత్తింది. "నీ సంగతి నాకు తెలుసులే, వెళ్లి కూర్చో" అని ఆయన అనడం మాకు వినిపించింది.

తిరిగొచ్చి నా ముందు నిలబడింది. "ఏటే? నోట్లో ఏటెట్టుకున్నావు?"

"మళ్లీ అడుగుతారనుకున్నాను."

"మళ్లీ ఎందుకడుగుతారే?"

మా ఊరి కూటం గురించి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఒసే గౌరీ, అది మీ ఊరే. ఇక్కడ మనం పలక్కపోతే ఆళ్లకి పండగ," అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదికి ఒక్కదాన్నే వెళ్లాను. రెండు వాక్యాలూ చెప్పాను. గొంతు వణకలేదు కూడా.

"ఇంత బాగా మాట్లాడతావు, ఇందాకే చెప్పొద్దూ తల్లీ?" అన్నారాయన. "కాగితాలు పై ఆఫీసుకి పంపించేశాం. ఇంక నా చేతుల్లో లేదు."

కోప్పడినా బాగుండేది.

మూలగదిలో పద్మజ మేడం మ్యాపు దించుతున్నారు. ఆవిడకి జనవరి నుంచి ఇక్కడ పని లేదు. "ఈ కొస పట్టుకోమ్మా," అన్నారంతే. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి చుట్టాం.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చేపల గంప కడుగుతోంది. హిస్టరీ పోయిందని, ఇంక కంప్యూటర్లని చెప్పాను. అమ్మ ముఖం వెలిగిపోయింది.

"కంప్యూటరా! మరి మొకం అలాగెట్టావేటే?"

"నాకా మేడం పాఠమే కావాలమ్మా."

"ఎక్కడైనా పాఠాలే కదే. కంప్యూటరైతే ఏసీ గదిలో ఉజ్జోగం వస్తాది. నాలాగ ఎండలో కూకోనక్కర్లేదు." దడి అవతలకి కేకేసింది: "ఒదినా, మా పిల్లని కంప్యూటర్లో ఏసీనారు!"

"అయితే ఇంక మాతో ఏటి మాటాడతావే, గౌరీ!" అని పక్కింటి లక్ష్మణమ్మత్త నవ్వింది.

నేనూ నవ్వాలి కాబట్టి నవ్వాను.

అన్నాలప్పుడు అమ్మ నాకు పెద్ద ముక్క వేసింది. తను అంత సంతోషంగా ఉండగా చూసి చాలా రోజులైంది. నేను పోగొట్టుకున్నది ఏమిటో చెప్పాలని నోరు తెరిచాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి. అమ్మ కంగారుపడి ముల్లు గుచ్చుకుందనుకుంది.

"ఉత్తన్నం ముద్ద మింగే, దిగిపోతాది," అంది.

మింగాను.