తోమిన తరవాణి కుండ

నేను ఒక తరవాణి కుండను. ఇప్పుడు పెంకులనే అనండి, నొచ్చుకోను.

గోదావరి లంకలో అచ్చియ్యమ్మ వంటింటి మూల పదేళ్లు కూర్చున్నాను. రోజూ కాస్త అన్నం, గంజి పోసేది, తెల్లారేసరికి పులిసేవి. అడుగున నిన్నటి నీళ్లు ఉంచి ఇవాళ్టివి పోయాలి, లోపల ఎప్పుడూ తోమకూడదు. అదీ పద్ధతి. నా గోడలకు పట్టిన ఆ జిగురులోనే నా ప్రాణమంతా ఉండేది.

పశువుల డాక్టరమ్మ నా నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. "మేలు చేసే బాక్టీరియా బోలెడుందండీ. కోడిపిల్లల దాణాలో గరిటెడు కలపండి, పారుడు రోగం తగ్గుతుంది" అంది. ఇంకేముంది! ఊళ్లో ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలోనే. నా గొప్ప చూడాలి మరి!

ఒకరోజు నన్ను చూడ్డానికి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. "ఈ కంపు కుండ చూస్తే నా పరువేం కానూ!" అంటూ అచ్చియ్యమ్మ బ్లీచింగు పొడి వేసి, కొబ్బరి పీచుతో బరబరా తోమేసింది. పేరు తెచ్చినదాన్నే ముందు కడిగిపారేయడం మనుషులకు అలవాటు. సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపలివన్నీ చచ్చిపోతుంటే నేనూ మెరుస్తున్నానని మురిసిపోయాను. మట్టి ఒళ్లు కదా, ఆ మందంతా పీల్చుకున్నాను. కొత్త గంజి పోసినా వదల్లేదు.

ఆఫీసర్లు ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఆ సాయంత్రమే పక్కింటి నూకరత్నం గరిటెడు పట్టుకెళ్లింది. మొగుడు పోయాక ఆవిడకు ఆధారం పన్నెండు కోడిపిల్లలే. రెండో రోజుకి తొమ్మిది చచ్చాయి.

గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చింది. "మూడే మిగిలాయొదినా. నేనే సరిగా కలపలేదేమో, నా చెయ్యే మంచిది కాదు. ఇంకో గరిటె పొయ్యవా?"

అచ్చియ్యమ్మ నా మీదికి వంగింది. బ్లీచింగు ఘాటు ముక్కుకు కొట్టింది. అప్పుడు అర్థమైంది ఆవిడకు. పోస్తే మిగిలినవీ పోతాయి, చెబితే పరువు పోతుంది. గరిటె పక్కన పెట్టి, నన్ను ఎత్తి, చెయ్యి జారినట్టు గడప మీద వదిలేసింది.

"అయ్యయ్యో!" అంటూ నూకరత్నమే వంగి నా పెంకులు ఏరింది. "ఏడవకొదినా, కుండేగా!"

ఆ మూడు పిల్లలూ బతికాయి. గోడ పక్కన పడున్న నేను సంతోషించాలి గానీ సిగ్గుతో చితికిపోతున్నాను. నిన్న నూకరత్నం సంత నుంచి కొత్త కుండ తెచ్చి, "మా అందరికీ పోసిన చెయ్యి ఊరికే ఉండకూడదొదినా" అంది.

అచ్చియ్యమ్మ రెండు చేతులా అందుకుంది. తల మాత్రం ఎత్తలేదు.